హార్డ్ డిస్కుకు వేసే ఎన్‌క్రిప్షన్ తాళాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

లెక్కల_పద్దు (హిమాయత్‌నగర్):

అందరికీ నమస్కారం. నేను ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే చిన్న కార్యాలయం నడుపుతున్నాను. నా దగ్గరకు వచ్చేవారి పాన్ కార్డులు, ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇళ్ల అమ్మకపు దస్తావేజులు పదిహేనేళ్లుగా ఒక ల్యాప్‌టాప్‌లోనూ, దానికి తోడుగా ఉంచుకున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోనూ పేరుకుపోయాయి. పోయిన నెలలో ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. వారంటీ ఇంకా మిగిలి ఉందని సర్వీస్ సెంటరుకు తీసుకువెళితే, పాత డిస్కును అప్పగిస్తేనే కొత్తది ఇస్తామన్నారు. అది కంప్యూటరుకు కనిపించడమే లేదు కనుక ఇచ్చే ముందు అందులోని ఫైళ్లను తుడిచివేసే దారి నాకు లేకపోయింది. ఆ డిస్కును తర్వాత ఏం చేస్తారని అడిగితే కౌంటరులో ఉన్నవారు సూటిగా చెప్పలేదు. నన్ను నమ్మి కాగితాలు ఇచ్చినవారి వివరాలు ఎవరి చేతిలో పడతాయోనన్న భయంతో వారంటీని వదులుకుని, డిస్కును ఇంటికి తెచ్చుకున్నాను.

కొత్త డిస్కు కొన్నాను, కానీ ఇంకా ఒక్క ఫైలు కూడా అందులో పెట్టలేదు. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయమని, అంటే పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని సంకేతాలుగా మార్చమని మిత్రులు చెబుతున్నారు. మా అక్క కొడుకు మాత్రం, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్న ట్రూక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేరును తయారు చేసినవారే ఇది సురక్షితం కాదని చెప్పి వదిలేశారని, ఏ సాఫ్ట్‌వేరుకైనా దొడ్డిదారి ఒకటి ఉండి తీరుతుందని వాదిస్తున్నాడు. విండోస్‌లో వచ్చే బిట్‌లాకర్, విడిగా వేసుకునే వెరాక్రిప్ట్ వంటి సాఫ్ట్‌వేర్లను నమ్మి ఇతరుల కాగితాలను వాటికి అప్పగించవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

బిట్లు_బైట్లు (గచ్చిబౌలి):

లెక్కల పద్దు గారూ, మీరు డిస్కును వెనక్కి తెచ్చుకోవడం సరైన పని. కంప్యూటరుకు కనిపించని డిస్కును మామూలు పద్ధతిలో తుడవడం కుదరదు కానీ, మొదటి రోజు నుంచీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే దాన్ని తుడవవలసిన అవసరమే మీకు వచ్చేది కాదు. నేను పదేళ్లుగా ఒక సంస్థలో కంప్యూటర్ల భద్రత చూస్తున్నాను, ఎన్‌క్రిప్షన్ గురించి ఎవరు అడిగినా చెప్పే ఉదాహరణలలో మీది కూడా ఇకమీద చేరుతుంది.

మీ మేనల్లుడి సందేహం తీసిపారేయదగినది కాదు. 2014 మే 28న ట్రూక్రిప్ట్ వెబ్‌సైటులో, ఇందులో సరిదిద్దని భద్రతా లోపాలు ఉండవచ్చు, బిట్‌లాకర్‌కు మారండి అన్న ప్రకటన హఠాత్తుగా కనిపించింది. తయారుచేసినవారు తమ పేర్లు ఎన్నడూ బయటపెట్టలేదు కనుక కారణమేమిటో అడగడానికి కూడా ఎవరూ దొరకలేదు. ఇక్కడివరకు అతను చెప్పింది నిజమే. అయితే ఆ సాఫ్ట్‌వేరు మూలపాఠం (సోర్స్ కోడ్) అందరికీ అందుబాటులో ఉండేది కనుక, దాన్ని నిపుణుల చేత చదివించడానికి అప్పటికే కొందరు చందాలు పోగు చేసి పని మొదలుపెట్టారు. ఆ పరిశీలన రెండో భాగం 2015 ఏప్రిల్‌లో వెలువడింది. కొన్ని లోపాలను ఎత్తిచూపినా, ఉద్దేశపూర్వకంగా పెట్టిన దొడ్డిదారి గానీ, తాళాన్ని పనికిరాకుండా చేసే పెద్ద తప్పు గానీ అందులో కనిపించలేదని తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ పరిశోధకుడు ఒకరు దాన్ని విండోస్‌తో కలిపే డ్రైవరు అనే భాగంలో రెండు తీవ్రమైన లోపాలను కనుగొన్నారు. అవి నడుస్తున్న కంప్యూటరులో సాధారణ వినియోగదారుకు అడ్మిన్ అధికారాలు దక్కేలా చేసే లోపాలు. ఆపివేసిన డిస్కులోని ఫైళ్లను విప్పి చూపేవి కావు. ఈ తేడా మీకు ముఖ్యం.

ట్రూక్రిప్ట్ నుంచి పుట్టిన వెరాక్రిప్ట్‌ను 2016లో క్వార్క్స్‌ల్యాబ్ అనే ఫ్రెంచి సంస్థ పరిశీలించి తీవ్రమైన లోపాలు ఎనిమిదింటిని బయటపెట్టింది, వాటిలో చాలావాటిని వెంటనే 1.19 వెర్షనులో సరిచేశారు. లోపాలు బయటపడ్డాయని భయపడేవారిని నేను తరచూ చూస్తుంటాను కానీ, నాకు అది ధైర్యాన్నిచ్చే విషయం. ఎవరూ చదవని సాఫ్ట్‌వేరులో లోపాలు లేవని కాదు, ఉన్నవి మనకు తెలియవు. బిట్‌లాకర్ మూలపాఠాన్ని మనబోటివాళ్లం చదవలేము కనుక అక్కడ మైక్రోసాఫ్ట్ మాట మీద ఆధారపడక తప్పదు.

ఇక వీటన్నిటి అడుగున ఉన్నది ఏఈఎస్ అనే సంకేత పద్ధతి. బెల్జియంకు చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు రూపొందించిన దీన్ని అమెరికా ప్రమాణాల సంస్థ బహిరంగ పోటీలో ఎంపిక చేసి 2001లో ప్రమాణంగా ప్రకటించింది. ఆనాటి నుంచి ప్రపంచంలోని గణితజ్ఞులు దాని మీద పనిచేస్తూనే ఉన్నారు, ఆచరణలో దాన్ని ఛేదించే దారి ఇంతవరకు వెల్లడి కాలేదు. 128 బిట్ల (సున్నాలు, ఒకట్లతో కూడిన 128 స్థానాల) తాళంచెవిని ఊహించి తెరవాలంటే, సెకనుకు లక్ష కోట్ల తాళంచెవులను ప్రయత్నించే యంత్రానికి కూడా అన్నీ పూర్తి కావడానికి దాదాపు లక్ష కోట్ల కోట్ల సంవత్సరాలు పడుతుంది. కనుక దొంగ ఆ తలుపు దగ్గర నిలబడడు, మీ పాస్‌వర్డ్ దగ్గరకు వస్తాడు.

మన దగ్గర చాలామంది మొబైల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెడతారు. 6 నుంచి 9 వరకు ఉన్న అంకెతో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. సెకనుకు వెయ్యి ప్రయత్నాలు మాత్రమే చేయగల యంత్రానికి వాటన్నిటినీ చూడడానికి 46 రోజులు చాలు. వెరాక్రిప్ట్ ఒక్కో ప్రయత్నానికీ ఐదు లక్షల సార్లు లెక్క కట్టించి దొంగ వేగాన్ని తగ్గిస్తుంది, ట్రూక్రిప్ట్‌లో ఆ సంఖ్య రెండు వేలు దాటేది కాదు. అయినా బలహీనమైన పాస్‌వర్డ్‌ను అది కాపాడలేదు. నిఘంటువును ఎక్కడ పడితే అక్కడ తెరిచి, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు తెలుగు మాటలను ఎంచుకుని, వాటిని ఇంగ్లీషు అక్షరాలతో రాసి పాస్‌వర్డ్‌గా పెట్టుకోండి. పాట పల్లవి, పిల్లల పేర్లు, ఇంటి నంబరు వద్దు.

పాత_డిస్కు (సికింద్రాబాద్):

నేను పార్క్‌లేన్‌లో, సీటీసీకి దగ్గరలో, పాడైన డిస్కుల నుంచి ఫైళ్లు వెలికితీసే పని చేస్తాను. పైన రాసినవారు తాళం ఎంత గట్టిదో చెప్పారు. ఆ గట్టితనానికి అవతలి వైపు నిలబడి రోజూ చూసేవాణ్ని కనుక నాకు తెలిసింది రాస్తున్నాను.

ఎన్‌క్రిప్ట్ కాని డిస్కు నా బల్ల మీదకు వస్తే, దాని సర్క్యూట్ బోర్డు కాలిపోయినా, విండోస్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకపోయినా, చాలాసార్లు లోపలి ఫైళ్లన్నీ నా కళ్ల ముందుకు వస్తాయి. విండోస్‌కు పెట్టుకున్న పాస్‌వర్డ్ డిస్కును కాపాడుతుందని అనుకునేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. డిస్కును విప్పి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఆ పాస్‌వర్డ్ ఊసే రాదు. అదే సరిగ్గా ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కు వస్తే, పాస్‌వర్డ్ గానీ, అది లేనప్పుడు డిస్కును తెరిచే రికవరీ కీ గానీ లేకుండా నేను ఏమీ చేయలేను. చేయగలమని చెప్పి ముందుగా డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

అందువల్ల నా దగ్గరకు వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నవారిలో దొంగ చేతిలో నష్టపోయినవారి కంటె తమ తాళం తామే పోగొట్టుకున్నవారు ఎక్కువ. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది. దాని రికవరీ కీ 48 అంకెల సంఖ్య, ఆ ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ అమ్మిన దుకాణంవాళ్లు ఏదో ఒక ఈమెయిలుతో ఖాతా తెరిచి ఇస్తారు, యజమానికి ఆ సంగతి కూడా తెలియదు. రెండేళ్ల తర్వాత మదర్‌బోర్డు మార్చినప్పుడు, తాళాన్ని దాచుకున్న టీపీఎం చిప్పు పాత బోర్డుతోనే పోతుంది కనుక, నీలిరంగు తెర మీద 48 అంకెలు అడుగుతుంది. పోయిన ఏడాది ఒక తల్లి తన కొడుకు చిన్ననాటి ఫోటోలు ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చారు. ఆ ఈమెయిలు ఏదో ఎవరికీ గుర్తు లేదు, నేను చేతులెత్తేయవలసి వచ్చింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

వెరాక్రిప్ట్ వాడేవారికి మరో ప్రమాదం ఉంది. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి కంప్యూటరుకు తగిలిస్తే, విండోస్ దాన్ని గుర్తుపట్టలేక ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు సరే అని నొక్కేస్తారు. డిస్కు మొదట్లో ఉండే హెడర్ అనే చిన్న భాగంలోనే అసలు తాళంచెవి భద్రపరచి ఉంటుంది కనుక, అది చెరిగితే సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా డిస్కు తెరుచుకోదు. డిస్కు చివర దాని ప్రతి ఒకటి ఉండడం వల్ల చాలాసార్లు రక్షించగలిగాను కానీ, ఎన్‌క్రిప్ట్ చేసిన రోజునే హెడర్ బ్యాకప్‌ను వేరే పెన్‌డ్రైవులో తీసిపెట్టుకుంటే ఈ గండమే ఉండదు.

ఒక్క మనవి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ అడిగితే దాన్ని కాగితం మీద రాసి ల్యాప్‌టాప్‌కు అతికించి వెళ్లిపోతారు. అప్పుడు ఆ ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేనట్టే. తెర, కీబోర్డు, బ్యాటరీ మార్చడానికి మీ పాస్‌వర్డ్ అక్కరలేదు.

మూసీ_ఒడ్డు (అఫ్జల్‌గంజ్):

నేను న్యాయవాదిని, చట్టానికి సంబంధించినంత వరకే రాస్తాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం ఇతరుల వివరాలను ఉంచుకునేవారు తగిన భద్రతా చర్యలు తీసుకోవాలి. అందులో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. 2025 నవంబరులో ప్రకటించిన నియమాలు ఆ చర్యలలో ఎన్‌క్రిప్షన్‌ను పేరు పెట్టి ప్రస్తావించాయి, అమలుకు 18 నెలల గడువు ఇచ్చాయి. లెక్కల పద్దు గారు చేస్తున్నది కేవలం జాగ్రత్త కాదు, త్వరలో బాధ్యత కూడా అవుతుంది.

ఎన్‌క్రిప్షన్ ప్రభుత్వం నుంచి కూడా దాచుకునే సాధనమని కొందరు అనుకుంటారు. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 69వ సెక్షను కింద సక్రమమైన ఉత్తర్వు ఉంటే, కంప్యూటరు అధీనంలో ఉన్న వ్యక్తి దాన్ని విప్పడానికి సహకరించాలి, నిరాకరిస్తే ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. నిందితుడిని తనకు తానే సాక్ష్యం చెప్పుకోమని బలవంతపెట్టరాదన్న రాజ్యాంగ రక్షణ పాస్‌వర్డ్‌కు వర్తిస్తుందా అన్న విషయంలో న్యాయస్థానాల అభిప్రాయాలు ఇప్పటికీ ఒకే తీరుగా లేవు. తాళం చెవి ఏదైనా సంస్థ ఖాతాలో ఉంటే, ఉత్తర్వు నేరుగా ఆ సంస్థకే వెళ్లవచ్చునన్నది కూడా గమనించండి.

లెక్కల_పద్దు (హిమాయత్‌నగర్):

ముగ్గురికీ కృతజ్ఞతలు. కొత్త డిస్కును వెరాక్రిప్ట్‌తో పూర్తిగా ఎన్‌క్రిప్ట్ చేశాను, మా నాన్నగారి నిఘంటువులోంచి ఆరు మాటలు తీశాను. మిగిలిన సందేహం ల్యాప్‌టాప్ గురించి. అందులోని ఎస్‌ఎస్‌డీలో (చిప్పులతో పనిచేసే డిస్కులో) పాత ఫైళ్లు ఇదివరకే ఉన్నాయి. ఇప్పుడు బిట్‌లాకర్ పెడితే అవి కూడా భద్రమవుతాయా? నేను రాత్రిపూట ల్యాప్‌టాప్‌ను ఆపను, మూత మాత్రమే వేస్తాను. అది సరిపోతుందా?

బిట్లు_బైట్లు (గచ్చిబౌలి):

మూత వేస్తే సరిపోదండీ. మూత వేసినప్పుడు ల్యాప్‌టాప్ సాధారణంగా నిద్రలోకి మాత్రమే వెళుతుంది, డిస్కును తెరిచే తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. కరెంటు తీసిన తర్వాత కూడా మెమరీ చిప్పుల్లో సమాచారం కొంతసేపు నిలుస్తుందని, వాటిని చల్లబరిస్తే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని, అందులోంచి ఎన్‌క్రిప్షన్ తాళాన్ని తీయవచ్చునని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే చేసి చూపించారు. మెట్రోలో వెళ్లేటప్పుడైనా, కార్యాలయం మూసి వెళ్లేటప్పుడైనా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. మీ విండోస్ ప్రో ఎడిషన్ అయితే, ఆన్ చేయగానే పిన్ అడిగేలా బిట్‌లాకర్‌ను అమర్చుకోండి. పిన్ లేకపోతే తాళం టీపీఎం చిప్పు నుంచి ప్రాసెసరుకు వెళ్లే దారిలోనే దాన్ని పట్టుకోవచ్చునని 2024లో ఒక పరిశోధకుడు కొన్ని వందల రూపాయల పరికరంతో, ఒక పాత ల్యాప్‌టాప్ మీద, నిమిషం లోపు చూపించాడు.

ఎస్‌ఎస్‌డీ సంగతి కొంచెం చిక్కైనది. బిట్‌లాకర్ మొదలుపెట్టేటప్పుడు వాడిన భాగాన్ని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేయాలా, డిస్కు మొత్తాన్నా అని అడుగుతుంది. మొత్తం అన్నదే ఎంచుకోండి, లేకపోతే మీరు ఎప్పుడో డిలీట్ చేసిన ఫైళ్ల ఆనవాళ్లు తెరిచిన స్థితిలోనే మిగిలిపోతాయి. ఎస్‌ఎస్‌డీ తన లోపలి చిప్పులు సమానంగా అరగడం కోసం సమాచారాన్ని చోట్లు మారుస్తూ రాస్తుంది కనుక, మొత్తం ఎంచుకున్నా ఏదో ఒక మూల పాత ముక్క మిగిలే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్‌ను ఎప్పుడైనా అమ్మవలసి వస్తే ఎస్‌ఎస్‌డీని మాత్రం తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కు తెరిచి ఉన్నంతసేపు దానిలోని ఫైళ్లు మీకెలా కనిపిస్తాయో, కంప్యూటరులోకి చొరబడిన వైరస్‌కూ అలాగే కనిపిస్తాయి. కనుక రిటర్ను పని పూర్తికాగానే వెరాక్రిప్ట్ డిస్కును డిస్‌మౌంట్ చేయండి, అంటే మళ్లీ తాళం వేయండి. ఖాతాదారులు వాట్సాప్‌లో పంపే ఆధార్ ఫోటోలు మీ ఫోనులోనూ ఉంటాయని మరవకండి.

పాత_డిస్కు (సికింద్రాబాద్):

ల్యాప్‌టాప్‌కు బిట్‌లాకర్ పెట్టే ముందు మరో కాపీ తీసుకోండి, మధ్యలో కరెంటు పోయినా, డిస్కులో అప్పటికే చెడ్డ సెక్టార్లు ఉన్నా అది మిమ్మల్ని ఆదుకుంటుంది. 48 అంకెల రికవరీ కీని రెండు కాగితాల మీద ముద్రించి, ఒకటి బ్యాంకు లాకరులో, ఇంకొకటి ఇంట్లో దస్తావేజుల బీరువాలో పెట్టండి, ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు. వారంటీ వదులుకున్న ఆ పాత డిస్కును పాత సామానువాళ్లకు వేయకండి. నా దుకాణానికి తెస్తే మీ ఎదురుగానే విప్పి, సమాచారం ఉండే పళ్లేలను (ప్లాటర్లను) తీసి ముక్కలు చేసి మీ చేతికే ఇస్తాను, దానికి డబ్బు తీసుకోను.