తోక లేని థర్మకోల్ గ్లైడర్ ముక్కు ఎత్తి పడిపోతోంది, ఎవరైనా చెప్పండి

అన్నలూ, అక్కలూ, మోడల్ విమానాలు చేసేవాళ్లు ఉంటే కొంచెం సాయం చేయండి. మాది హనుమకొండ. మా చెల్లె తొమ్మిదో తరగతి, సైన్స్ ఫెయిర్ కోసం ఇద్దరం గ్లైడర్లు చేస్తున్నాం.

మొదటిది మామూలు తిన్నని రెక్క, 80 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, వెనుక తోక. ముందు అంచు నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర వేలి మీద సమంగా నిలిచేలా ముక్కుకు బంకమట్టి అంటించి, రెక్కల కొసలు కాస్త పైకి వంచాం. డాబా మీద నుంచి వదిలితే పక్కకు ఒరిగినా తనంతట తానే సర్దుకుని ఎదురింటి వేపచెట్టు దాటిపోయింది, చెల్లె సంతోషం చూడాలి!

రెండోది మన తేజస్ యుద్ధవిమానం లాగా త్రిభుజం రెక్క, తోక లేదు. మధ్యలో పొడవు 40, బరువు కేంద్రం ముక్కు నుంచి 24 దగ్గర. వదలగానే ముక్కు ఎత్తి, ఒక్క క్షణం గాలిలో ఆగి, వెనక్కి జారి పడుతోంది. కొస విరిగితే సెల్లో టేపు వేసి మళ్లీ వదిలాం, అదే కథ. తేజస్‌ను కావాలనే స్థిరత్వం తగ్గించి తయారు చేశారు, కంప్యూటర్ సరిదిద్దుతూ ఉంటుంది. మా దానికి అది లేదు, అంతా ఆకారమే చూసుకోవాలి.

త్రిభుజానికి సగటు వెడల్పు (ముందు అంచు నుంచి వెనుక అంచు దాకా) ఎక్కడ పడుతుందో తీసి, అక్కడ ముందు అంచు నుంచి నాలుగో వంతు చూస్తే నాకు ముక్కు నుంచి సరిగ్గా సగం, 20 దగ్గర వస్తోంది. బరువు అక్కడే పెట్టాలా, ఇంకా ముందుకా? వెనుక అంచు పైకి ఎంత వంచాలి? దీనికీ కొసలు ఎత్తాలా? వచ్చే వారమే ఫెయిర్, టెన్షన్‌గా ఉంది.