పోర్ట్‌బ్లెయిర్ నుంచి క్యాంప్‌బెల్ బేకి హెలికాప్టర్‌లో ఎంతసేపు?

విశాఖ నుంచి మా అమ్మను గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకి తీసుకెళ్లాలి, బావగారి ఉద్యోగం అక్కడే. ఆవిడ మోకాళ్లకి ఓడలో రెండు మూడు రోజులు కుదరని పని.

మ్యాప్‌లో కొలిస్తే నేరుగా 530 కిలోమీటర్ల దాకా వస్తోంది. దూరాలు చెప్పే సైట్లు గంటకు 800 కిలోమీటర్ల లెక్కన 40 నిమిషాలు అంటున్నాయి. అక్కడికి జెట్ ఎక్కడ వెళ్తుంది! ఉన్నది నేవీ రన్‌వే, ఐఎన్ఎస్ బాజ్. మాలాంటివాళ్లకి హెలికాప్టరే దిక్కు, అదీ సీటు దొరికితే. గంటకు 230 వేసుకున్నా 2 గంటల 20 నిమిషాలు గాల్లోనే. కార్ నికోబార్‌లో దిగినా చుట్టు పెద్దగా ఉండదు. పోర్ట్‌బ్లెయిర్‌కి దక్షిణంగా 275 కిలోమీటర్ల దగ్గర, ఇంచుమించు దారిలోనే ఉంది. తేలనిది మధ్యలో ఆగే టైమే. బుకింగ్ నంబర్‌కి ఎన్నిసార్లు చేసినా రింగవుతోంది గానీ ఎత్తరు. బావగారు వెళ్లింది ఓడలో, ఆయనకీ తెలీదు.

ఈమధ్య ఈ హెలికాప్టర్ ఎక్కినవాళ్లెవరైనా చెప్పండి: పోర్ట్‌బ్లెయిర్‌లో లేచిన దగ్గర్నుంచి క్యాంప్‌బెల్ బేలో దిగేదాకా, మధ్యలో ఆగినవన్నీ కలిపి, మీకు మొత్తం ఎంతసేపు పట్టింది?