‘28 డేస్ లేటర్’ జాంబీ సినిమానా, కాదా? (నలుగురి వాదన ఇది. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

శవపరీక్ష
2002లో డానీ బాయిల్ తీసిన ‘28 డేస్ లేటర్’ని జాంబీ సినిమాల జాబితాలో పై వరుసలో పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. అసలు ఆ జాబితాలోనే ఉండకూడదు అంటాను. జాంబీ అంటే చచ్చి లేచి మనుషుల్ని తినే శవం. అందులో చచ్చి లేచినవాడు ఒక్కడూ లేడు. కేంబ్రిడ్జి ల్యాబ్‌లో చింపాంజీల నుంచి బయటపడ్డ ‘రేజ్’ వైరస్ సోకిన బతికున్న మనుషులు వాళ్లు. తిండి లేకపోతే చస్తారు. తలకే గురి పెట్టక్కర్లేదు, మామూలు మనిషి దేనికి చస్తాడో దానికే చస్తారు. మాంసం తినరు. మీద పడి కొడతారు, కొరుకుతారు, రక్తం కక్కుతారు. శవం లేదు, తినడం లేదు, నెమ్మది నడక లేదు. ఇక జాంబీ ఎక్కడుందో చెప్పండి.

పాతరీలు
మీ మూడు షరతులూ మూలవిరాట్టుకే పెట్టి చూద్దాం. 1968 నాటి ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో జాంబీ అనే మాటే ఎవరూ అనరు, ‘ఘూల్’ (శవాలు తినే పిశాచం) అంటారు. దాని దర్శకుడు జార్జ్ రొమేరోకి ప్రేరణ రిచర్డ్ మాథెసన్ 1954 నవల ‘ఐ యామ్ లెజెండ్’. అందులో ఉన్నది రక్తపిశాచాలు. అంతకుముందు 1932లో ‘వైట్ జాంబీ’ జాంబీలు హైతీ మంత్రగాడికి కట్టుబానిసలు, వాళ్లు మనుషుల్ని తినరు. అంటే ఈ మాటకి అర్థం అప్పటికే ఒకసారి పూర్తిగా మారిపోయింది.

నెమ్మది సంగతి ఇంకా తమాషా. శ్మశానంలో కనిపించే మొట్టమొదటి ఘూల్ బార్బ్రా అనే అమ్మాయి వెంట బాగానే పరుగెడతాడు, రాయి తీసుకుని కారు అద్దం పగలగొడతాడు. నేలమాళిగలో పాప మేస్త్రీ తాపీ పట్టుకుని తల్లిని పొడిచి చంపుతుంది. పనిముట్లు వాడే జాంబీలు! కరిస్తేనే మారతారన్న నియమం కూడా అందులో లేదు. ఎలా చచ్చినా సరే, మెదడు చెడకపోతే లేస్తారు.

శవపరీక్ష
పేరు సంగతి ఒప్పుకున్నా. వేగాన్ని కూడా వదిలేస్తా. 1985 ‘రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో శవాలు పరుగెత్తాయి, మాట్లాడాయి కూడా. 2004లో జాక్ స్నైడర్ ‘డాన్ ఆఫ్ ది డెడ్’లోనూ పరుగే. కానీ రెండింట్లోనూ వాళ్లు చచ్చినవాళ్లు. చావు దగ్గర మాత్రం నేను తగ్గను. రొమేరోయే 1973లో ‘ది క్రేజీస్’ తీశాడు: నీళ్లలో జీవాయుధం కలిసి ఊళ్లో బతికున్నవాళ్లకి పిచ్చెక్కుతుంది. దాన్ని చాలామంది జాంబీ సినిమా అనరు. బాయిల్ సినిమా ఆ వంశంది.

ఇరవై సెకన్లు
చావు, బతుకు అన్న గీత దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. కథని నడిపేది వైరస్ పట్టే టైము, దాన్ని చూడండి.

రొమేరో తీసిన 1978 నాటి అసలు ‘డాన్ ఆఫ్ ది డెడ్’లో రోజర్ అనే పాత్రకి కాటు పడ్డాక రోజులు పడుతుంది. పక్కన స్నేహితుడు తుపాకీ పెట్టుకుని కూర్చుంటాడు. ఈ జానర్‌కి ఆయువుపట్టు లాంటి సీన్లన్నీ ఆ వ్యవధిలోంచే పుట్టాయి: కాటు దాచడం, చంపాలా వద్దా అన్న తగువు, చివరి వీడ్కోలు.

‘28 డేస్ లేటర్’కి అలెక్స్ గార్లండ్ రాసిన స్క్రిప్టు ఆ వ్యవధిని ఇరవై సెకన్లకి కుదించింది. దాంతో కాటు దాచే సీనుకి అసలు చోటే లేదు. తోటివాడు మార్క్ చేతి మీద గాయం కనిపించగానే నాయిక సెలీనా కొడవలి ఎత్తుతుంది. అతనికి నిజంగా సోకిందో లేదో మనకి చివరిదాకా తేలదు. ఆగి చూడ్డానికి టైము లేదు కాబట్టి చూడదు, అంతే. వాళ్లతో ప్రయాణించే తండ్రి ఫ్రాంక్ సీను ఇంకా కఠినం. మాంచెస్టర్ దగ్గర ఖాళీ చెక్‌పోస్టు, పైన శవాన్ని ఒక కాకి పొడుస్తుంటుంది, ఇతను తల పైకెత్తి చూస్తాడు, ఒక్క చుక్క కంట్లో పడుతుంది. కూతురితో ప్రేమగా ఒక మాట అని, వెంటనే దగ్గరికి రావద్దంటాడు. రోజర్‌కి రోజుల తరబడి దొరికిన వీడ్కోలు ఇతనికి రెండు వాక్యాల్లో అయిపోయింది.

కాబట్టి నా లెక్కలో ఇది జాంబీ సినిమాయే. నియమం పాటించలేదు నిజమే, కానీ నియమం తెలిసినవాడు దాన్ని ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో అక్కడే నొక్కాడు.

ఒక చిక్కు కూడా ఉంది. ఇరవై సెకన్లలో మారేవాడు టికెట్ కొని విమానం ఎక్కలేడు. పైగా కొన్ని వారాల్లో ఆకలితో చస్తాడు. అంత వేగంగా పట్టే జబ్బు దూరం పోలేదు, సముద్రం అడ్డొస్తే ఆగిపోతుంది. కథ ద్వీపంలో జరగడం అందుకే అతికినట్టు సరిపోయింది. 2007లో ‘28 వీక్స్ లేటర్’ తీసినప్పుడు జబ్బుని మళ్లీ మొదలుపెట్టడానికి లక్షణాలు లేకుండా వైరస్ మోసే ఆలిస్ పాత్ర కావాల్సి వచ్చింది. మొదటి భాగం నియమాలతో రెండో భాగం కదలదు మరి.

576 గీతలు
కథ గురించే మాట్లాడుతున్నారు, బొమ్మని వదిలేశారు. ఈ సినిమా చాలా భాగం కెనాన్ ఎక్స్‌ఎల్1 అనే చిన్న వీడియో కెమెరా మీద, మినీడీవీ టేపు మీద తీశారు. ఫ్రేముకి 720×576 పిక్సెళ్లు. ఛాయాగ్రాహకుడు ఆంథొనీ డాడ్ మాంటిల్. వెస్ట్‌మినిస్టర్ వంతెన ఖాళీగా కనపడేది గ్రాఫిక్స్ మాయ కాదు. వేసవిలో తెల్లవారగానే, ట్రాఫిక్‌ని కాసేపు ఆపి, చిన్న కెమెరాలు కొన్ని ఒకేసారి తిప్పి తీశారు. 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా బిగించి సరిచేసేలోపు రోడ్డు మళ్లీ నిండిపోయేది.

దానికి కట్టిన మూల్యం కూడా తెరమీదే కనిపిస్తుంది. దూరపు షాట్లలో కిటికీలు, ఆకులు అలుక్కుపోతాయి. ఆకాశం తెల్లగా పేలిపోతుంది. పాల్ డీవీలో (ఆ టేపు మీద బొమ్మ రికార్డయ్యే పద్ధతి) రంగు సమాచారం వెలుగు సమాచారంలో నాలుగో వంతే, అందుకే ఎర్రటి రక్తం అంచులు ముద్దగా ఉంటాయి. మూలమే అంత కాబట్టి 4కె టీవీ కొన్నా ఆ షాట్లు అంతకుమించి తేలవు, ప్రింటు బాలేదని డిస్కుని తిట్టకండి. ఆఖర్లో పల్లెటూరి భాగం 35 ఎంఎం మీద తీశారు, అక్కడ గడ్డి ఒక్కసారిగా గడ్డిలా కనిపిస్తుంది.

రోగులు దూకే షాట్లలో షట్టర్ వేగం పెంచారు. మామూలుగా సెకనులో యాభయ్యో వంతు దగ్గర చెయ్యి ఊపితే మసక గీత వస్తుంది. వేగం పెంచితే ఆ మసక పోయి ప్రతి ఫ్రేమూ విడివిడిగా గుచ్చుకుంటుంది, కదలిక తెగితెగి వస్తుంది. ఆ వేషాలకి క్రీడాకారుల్ని కూడా తీసుకున్నారు. వాళ్లు భయపెట్టేది ఒట్టి పరుగుతోనే అనుకుని అనుకరించిన సినిమాలు అందుకే తేలిపోయాయి. పరుగు తీసుకున్నారు, షట్టర్‌ని మర్చిపోయారు.

పాతరీలు
బాగా చెప్పారండీ. నేను ఇంకోటి కలుపుతా: అస్థిపంజరం చూడండి, రొమేరోదే. సూపర్‌మార్కెట్‌లో నలుగురూ సరదాగా బండి నింపుకునే సీను 1978 ‘డాన్ ఆఫ్ ది డెడ్’లోని మాల్‌కి నమస్కారం. సైనికాధికారి మేజర్ వెస్ట్ వైరస్ సోకిన సైనికుడు మెయిలర్‌ని గొలుసుతో కట్టి ఉంచడం రొమేరో 1985 ‘డే ఆఫ్ ది డెడ్’లో బబ్ అనే జాంబీకి వేసిన గొలుసే. రోగులకంటే సైనికులే ప్రమాదం అన్న మలుపు కూడా అక్కడిదే. కథానాయకుడు జిమ్‌కి ఆసుపత్రిలో మెలకువ రావడం ఒక్కటి మాత్రం జాన్ విండమ్ 1951 నవల ‘ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్’ నుంచి వచ్చింది, అక్కడ శత్రువు మొక్కలు. శవపరీక్ష గారూ, ఇంత అప్పు తెచ్చుకున్నవాడు ఆ ఇంటివాడు కాదా?

శవపరీక్ష
అప్పు తెచ్చుకున్నంత మాత్రాన ఇంటిపేరు మారదు బ్రదర్. చివర్లో జిమ్ ఒక సైనికుణ్ణి కళ్లలో బొటనవేళ్లు గుచ్చి చంపుతాడు. ఒళ్లంతా రక్తం. సెలీనా కొడవలి ఎత్తి ఆగిపోతుంది, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నవాడికీ సోకినవాడికీ తేడా కనపడట్లేదు. ఎదుటివాడు శవమైతే ఆ సందేహమే రాదు. సినిమా గుండెకాయ లాంటి సీను, జాంబీ ఉంటే పుట్టేదే కాదు.

ఇరవై సెకన్లు
ఈ మాటకి దగ్గర సమాధానం లేదు, ఒప్పుకుంటా. కానీ 2025 ‘28 ఇయర్స్ లేటర్’ చూశారా? (కథ బయటపడుతుంది, చూడనివాళ్లు దాటేయండి.) బాయిల్, గార్లండ్‌లే మళ్లీ నేలమీద పాకే నెమ్మది రోగుల్ని తెచ్చారు. మీరు అడిగిన నెమ్మది వచ్చేసిందిగా.

శవపరీక్ష
అదే సినిమాలో వైరస్ సోకిన ఆడమనిషి ఆరోగ్యమైన బిడ్డని కంటుంది, దాన్ని దాటేశారేం? పాకేవాళ్లు కూడా వానపాముల్ని ఏరుకుని తింటారు, తింటేనే బతుకుతారు కాబట్టి. ‘డే ఆఫ్ ది డెడ్’లో డాక్టర్ లోగన్ ఒక జాంబీకి కడుపులో అవయవాలన్నీ తీసేస్తాడు. అయినా అది బల్లమీద నుంచి ఆయన చేతికోసం ఎగబడుతూనే ఉంటుంది. మెయిలర్ విషయంలో వెస్ట్ చేసే పరీక్ష సరిగ్గా దీనికి తిరగేసింది: తిండి పెట్టకుండా ఎన్నాళ్లకి చస్తాడో చూడటం.