4294967297కి 641 కారణాంకమని ఆయిలర్‌కు ఎలా దొరికింది?

కడప ట్యూషన్ సార్:
కడపలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తాను. ఈ వారం 4294967297 వచ్చింది, అంటే 2^32+1. 2 ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేస్తూ పోయి 1 కలిపితే దీనికి ముందు వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఆ వరసలో వచ్చేవన్నీ ప్రధానాలే అయ్యుంటాయని 1640లో ఫెర్మా అనుకున్నాడు, 1732లో ఆయిలర్ దీన్ని 641 × 6700417 అని విడగొట్టేశాడు. ఇంతవరకు చెప్పేసరికి ఒక అమ్మాయి లేచి "సార్, ఆ 641 ఎక్కడినుంచి ఊడిపడింది?" అని అడిగింది. 641 కంటే చిన్న ప్రధానాలే 115 ఉన్నాయి. అన్నిటితో వరసబెట్టి భాగించాడంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు. ఆ పిల్లకు సరైన జవాబు చెప్పాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎస్కేయూ పూర్వ విద్యార్థి, అనంతపురం:
వరసబెట్టి భాగించాల్సిన పనే లేదు సార్. ఏదో ఒక ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకోండి. 2, 4, 8, 16 అంటూ ఘాతాలను ఆ ప్రధానంతో భాగించి శేషాలు రాసుకుంటూ పోతే 32వ ఘాతం దగ్గర మైనస్ 1 రావాలి, దానికి 1 కలిపితేనే కదా నిశ్శేషంగా పోయేది. 64వ దగ్గర 1 వస్తుంది, అంతకుముందు ఎక్కడా రాదు. అంటే శేషాలు 64కోసారి మళ్లీ మొదటికొస్తాయి. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, 2ను ఆ ప్రధానం కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచితే శేషం 1 వస్తుంది, కాబట్టి ఆ ప్రధానంలోంచి 1 తీసేస్తే మిగిలేదాన్ని 64 భాగించి తీరాలి. కాబట్టి 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధానాలే చూడాలి: 193, 257, 449, 577, 641. ఐదోదానికే దొరికిపోయింది! ఫెర్మా ఊహను ఫెర్మా సిద్ధాంతమే కూల్చేసింది, ఈ లెక్కలో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

కర్నూలు లెక్కల మాస్టారు:
నాయనా, 641 భాగిస్తుందని చూపించడానికి పెద్ద భాగహారం కూడా అక్కర్లేదు. 641 అంటే 5×2^7+1, కాబట్టి 5×2^7కి శేషం −1. నాలుగో ఘాతానికి పెంచితే 5^4×2^28కి శేషం 1. ఇంకోవైపు 641 అంటే 625+16, అంటే 5^4 ఉన్నచోట −2^4 రాసుకోవచ్చు. రాస్తే −2^32కి శేషం 1, అంటే 2^32+1కి శేషం సున్నా. బోర్డు మీద నాలుగు లైన్లు. కాకపోతే ఇది 641 దొరికాక సరిచూసుకునే పద్ధతి, వెతికే దారి మాత్రం పైన ఆ అబ్బాయి చెప్పిందే. ఈ తేడా పిల్లలకు విడమరిచి చెప్పు.

కడప ట్యూషన్ సార్:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మరి 6700417 ప్రధానమేనని ఎలా తేల్చాలి? వర్గమూలమే 2588 దాటుతోంది.

ఎస్కేయూ పూర్వ విద్యార్థి, అనంతపురం:
దాని కారణాంకాలు 4294967297కి కూడా కారణాంకాలే కదా సార్, అదే నియమం పనిచేస్తుంది. పైగా 64 బదులు 128 పెట్టుకోవచ్చని తర్వాత ఫ్రెంచ్ గణితవేత్త ల్యూకా చూపించాడు. అప్పుడు 2588 లోపు మిగిలేవి 257, 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు, కాబట్టి ప్రధానమే. ఈ ఐదు భాగహారాలూ పిల్లల చేత చేత్తోనే చేయించండి, ఫోన్ ముట్టుకోనివ్వకండి.

కర్నూలు లెక్కల మాస్టారు:
అదే క్లాసులో 4294967295 కూడా చూపించు. అది 3×5×17×257×65537, అంటే ఇప్పటిదాకా తెలిసిన ఫెర్మా ప్రధానాలన్నిటి (ఆ వరసలోని ప్రధాన సంఖ్యలన్నిటి) లబ్ధం. స్కేలు, వృత్తలేఖినితో గీయగలమని తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దదానికి సరిగ్గా అన్ని భుజాలుంటాయి.