నవంబరు చదువరుల సభ: కలలాంటి రచనలపై చర్చ – ఏర్పాట్లు, పనుల పంపకం

సభ సమన్వయం:
అందరికీ నమస్కారం. నవంబరు రెండో శనివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా ఎడిసన్‌లో లైబ్రరీ మీటింగ్ రూం మనకు ఖాయమైంది. నలభై మంది లెక్కన పని మొదలుపెడదాం. అయిదింటికల్లా కుర్చీలు యథాస్థానంలో పెట్టి గది అప్పగించాలి కాబట్టి చర్చ 4:20కి ఆగాల్సిందే. అప్పటికి గడియారాలు గంట వెనక్కి జరిగి ఉంటాయి (అమెరికాలో ఏటా నవంబరు మొదట్లో వెనక్కి తిప్పుతారు), న్యూజెర్సీలో అయిదు దాటితే చీకటే. పెద్దవాళ్లను ఇళ్ల దగ్గర దింపే కార్ల జాబితా ముందే కావాలి.
పాఠాలు మూడు అనుకున్నాం: కాఫ్కా జర్మన్‌లో రాసిన కథ 'మెటమార్ఫసిస్' మొదటి పేజీలు, నవీన్ తెలుగు నవల 'అంపశయ్య'లో ఒక భాగం, కొన్ని అధివాస్తవిక (సర్రియలిస్టు, కలలోలాగా సాగే) కవితలు. అక్కా, ఈ ముక్క మీరే తేల్చాలి.

పాఠాల ఎంపిక:
కవితలు ఈసారికి వదిలేద్దాం తమ్ముడూ. మూడు పాఠాలు పెడితే ఒక్కోదానికి అరగంటకు మించి పెద్దగా మిగలదు, అందరూ పైపైన మాట్లాడి లేచిపోతారు. రెండే పెట్టి, ఒక్కోదానికి యాభై నిమిషాలు ఇద్దాం.
ఈ రెండూ పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. కాఫ్కాలో వాక్యం స్పష్టం, ప్రపంచమే వింత. గ్రెగర్ జామ్సా పొద్దున లేచేసరికి పెద్ద పురుగైపోయి ఉంటాడు. అయినా బల్ల మీద గుడ్డల నమూనాలు, పత్రికలోంచి కత్తిరించి బంగారు పూత ఫ్రేములో పెట్టుకున్న బొమ్మ, కిటికీ మీద వాన చినుకులు అన్నీ లెక్క రాసినంత పొందిగ్గా ఉంటాయి. 1969లో వచ్చిన 'అంపశయ్య' దీనికి తలకిందులు. ప్రపంచం మామూలుదే: ఉస్మానియా క్యాంపస్, రవి అనే విద్యార్థి, ఒక్క రోజు. దారి తప్పించేది వాక్యాల ప్రవాహం. ఎదురుగా ఉన్నది, గుర్తొచ్చినది, భయపడుతున్నది ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తుంటాయి. చదివేవాళ్లకు రెండుచోట్లా తికమక కలుగుతుంది, కానీ అది వేరువేరు చోట్ల నుంచి వస్తుంది. ఆ తేడా వాళ్లంతట వాళ్లు పట్టుకుంటే సభ పండినట్టే.
కాశీమజిలీ కథల్లో మనిషి చిలక అయిపోతే మనం కంగారుపడం. అది కథ అని ముందే ఒప్పుకుని కూర్చుంటాం. కాఫ్కా ఆ ఒప్పందం చెయ్యడు, ఆఫీసుకు ఆలస్యమైన ఉదయంలాగా మొదలుపెడతాడు. పరిచయంలో ఇంతవరకే చెప్పండి. వింత ఎందుకు అనిపిస్తుందో చెప్పొచ్చు గాని, ఆ వింతకు అర్థం మాత్రం మనం చెప్పొద్దు.
పాఠం కొలత: ఒక్కోటి 600 మాటలు మించొద్దు. తెలుగులో నింపాదిగా పైకి చదివితే నిమిషానికి 85, 90 మాటలు నడుస్తాయి, అంటే ఏడు నిమిషాలు. కాఫ్కాను గడియారం దగ్గర ఆపుదాం. అలారం నాలుగింటికి పెట్టాడు, ఇప్పుడు ఆరున్నర దాటింది, తర్వాతి రైలు ఏడింటికి. తల్లి తలుపు తట్టేదాకా వెళ్తే ఇంకో పేజీ పెరుగుతుంది.
హక్కుల మాట. కాఫ్కా 1924లో పోయాడు, 1915 నాటి మూలానికి ఇప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ప్రతి అనువాదానికీ అనువాదకుల హక్కు విడిగా ఉంటుంది, అచ్చైన తెలుగు అనువాదం ఫోటోకాపీ తియ్యొద్దు. జర్మన్ వచ్చిన మన సభ్యురాలు ఆ రెండు పేజీలూ నేరుగా తెలుగు చేసిస్తానన్నారు. 'అంపశయ్య' భాగానికి హక్కుదారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి అడుగుదాం. పేజీ నంబర్లు, కాపీల సంఖ్య, సభ ఉచితమన్న సంగతి ఉత్తరంలోనే రాయాలి. అక్టోబరు 15 లోపు జవాబు రాకపోతే కాపీలు పంచం, పుస్తకాలు కొని తెప్పించి ఇద్దరికొకటి ఇద్దాం.

ప్రింటింగ్:
అక్కా, ఫైలు వర్డ్‌లో కాకుండా పీడీఎఫ్‌లోనే పంపండి, ఫాంట్లు ఎంబెడ్ చేసి (ఫైల్లోనే ఇమిడేలా). వర్డ్ ఫైలును లైబ్రరీ కంప్యూటర్లో తెరిస్తే ఫాంటు మారిపోయి వత్తులు విడిపోతాయి. పాత యూనికోడేతర ఫాంట్లయితే పిచ్చి గుర్తులే వస్తాయి. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో తయారుచేసే పేజీ ఏ4, ఇక్కడి కాగితం లెటర్ సైజు. లెటర్ పొడవు తక్కువ కాబట్టి 'యాక్చువల్ సైజ్' అని ప్రింటిస్తే అడుగు లైను తెగిపోవచ్చు. పేజీ సెటప్ మొదటే లెటర్‌గా పెట్టించండి.
14 పాయింట్ల అక్షరం, లైనుకీ లైనుకీ ఒకటిన్నర ఎడం. ఎడం తగ్గిస్తే పై లైను వత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. ప్రతి అయిదో లైనుకు మార్జిన్లో నంబరు. 45 కాపీలు, ఒకవైపే ప్రింటు, మూలకు స్టేపుల్. పెన్సిళ్లు 45, రబ్బర్లు అక్కర్లేదు.

చర్చ నిర్వహణ:
లైను నంబర్లు తప్పనిసరి. నలభై మందిని ఆరేడుగురు చొప్పున ఆరు గుంపులు చేద్దాం. భార్యాభర్తలను వేరువేరు గుంపుల్లో వెయ్యండి, లేకపోతే ఒకరు మాట్లాడితే ఇంకొకరు తలూపి ఊరుకుంటారు. గుంపు నడిపేవాళ్లు ఆరుగురూ కింది క్రమం దాటొద్దని మనవి.
ముందు ఒకరు పైకి చదవాలి. నాటకంలా కాకుండా వార్తలు చదివినట్టు, సమంగా. గొంతు వణికిస్తే భయం ఎక్కడుందో చదివేవాళ్లే తీర్పు చెప్పేసినట్టు. తర్వాత ఎవరికి వాళ్లు మౌనంగా మళ్లీ చదువుకుంటూ, కాలు జారిన చోట, అంటే దారి తప్పినట్టు అనిపించిన చోట, పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. దీనికి పది నిమిషాలు.
మొదటి చుట్టులో ఒక్కొక్కరూ లైను నంబరు మాత్రమే చెప్పాలి. కారణం వద్దు. నడిపేవాళ్లు పెద్ద కాగితం మీద రాసుకోవాలి. ఒకే లైను ముగ్గురు నలుగురు చెప్తే అక్కడ ఆగండి.
రెండో చుట్టులో ఆ లైన్లో ఏ మాట వల్ల జారిందో చూడాలి. ఎవరు మాట్లాడుతున్నారో తెలియలేదా? కాలం మారిందా? కర్త ఎగిరిపోయిందా? మామూలు మాటే ఉండకూడని చోట ఉందా? కాఫ్కాకి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'మీరు ఏ లైన్లో కంగారుపడ్డారు, గ్రెగర్ ఏ లైన్లో కంగారుపడ్డాడు?' చదివేవాళ్లలో చాలామంది మొదటి వాక్యానికే గీత పెడతారు. గ్రెగర్ మాత్రం ఉద్యోగం మీద విసుక్కుంటూ పడుకుంటాడు, గడియారం చూశాకే హడలిపోతాడు. ఆ రెండు లైన్ల మధ్య దూరం కాగితం మీద కనిపించేసరికి మాటలు వాటంతటవే వస్తాయి.
అర్థం ఏమిటన్నది మూడో చుట్టులో, అదీ చివరి పది నిమిషాలే.
చర్చ ఎక్కడ దెబ్బతింటుందో కూడా చెప్తాను. ఒకరు లేచి, కలలకు అర్థాలు చెప్పిన ఫ్రాయిడ్‌తో మొదలుపెడితే పావుగంట పోతుంది, మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. వాళ్లను నొప్పించకుండా 'బావుందండీ, అది ఏ లైన్లో కనిపించింది?' అనండి. లైను చూపిస్తే చర్చకు లాభమే. ఇంకొకరు ఫోన్లో సారాంశం వెతికి 'ఇదంతా ఒంటరితనం గురించట' అని తేల్చేస్తారు. అందుకే మొదటి రెండు చుట్లూ ఫోన్లు సంచుల్లో ఉండాలి. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది 'నాకు తెలుగు అంత రాదండీ, అందుకే అర్థం కాలేదు' అనేవాళ్ల దగ్గర. తప్పు తమదనుకుని ముడుచుకుపోతారు. మొదలుపెట్టేటప్పుడే చెప్పండి: ఇక్కడ అర్థం కాకపోవడం రచన చేసే పని, అది ఎక్కడ జరిగిందో చెప్తే చాలు.

పాఠాల ఎంపిక:
దీనికి తోడు ఒకటి. తెలియని మాట దగ్గర ఆగడం వేరు, కలలో తప్పిపోయినట్టు ఆగడం వేరు. రెండూ కలిస్తే లైను నంబర్ల లెక్క పాడవుతుంది. కాబట్టి ప్రతి కాపీ చివర పది పన్నెండు మాటలకు అర్థాలు వేస్తాను. 'అంపశయ్య' అంటే భీష్ముడు పడుకున్న బాణాల పడక అని ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలియకపోవచ్చు, అదీ వేస్తాను. చదవడం రాని పిల్లలు వినిపించిందే పట్టుకుని మాట్లాడొచ్చు. వాళ్ల దగ్గర లైను నంబరుకు బదులు గుర్తున్న మాట అడగండి.

పోస్టరు, వేదిక:
పోస్టరు నమూనా పెడుతున్నాను, పెద్ద బొద్దింక బొమ్మతో. లైట్లు తగ్గించి, వెనక సన్నగా వీణ వినిపిస్తే కల వాతావరణం వస్తుందనుకుంటున్నాను.

పాఠాల ఎంపిక:
బొమ్మ మార్చాలమ్మా. అట్ట మీద ఆ పురుగును గియ్యొద్దని, దూరం నుంచి కూడా చూపించొద్దని కాఫ్కా 1915లో ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాడు. ఆ ముద్రణ అట్ట మీద ఓరగా తెరిచిన తలుపు, ముఖం కప్పుకుని దాని నుంచి దూరంగా నడుస్తున్న మనిషి ఉంటారు. మనమూ బొద్దింకను ముందే చూపిస్తే నలభై మందీ అదే బొమ్మతో వస్తారు, మొదటి వాక్యం చేయాల్సిన పని పోస్టరే చేసేస్తుంది. తలుపు ఒక్కటి గియ్యి, చాలు.
లైట్లు మాత్రం పూర్తిగా వెలగాలి. పెద్దవాళ్లు లైను నంబర్లు చూడాలి. సంగీతం కూడా వద్దు, ఏం అనిపించాలో అది ముందే చెప్పేస్తుంది.

యువజన విభాగం:
ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం మొదటి పావుగంట ఖాళీగా ఉంటుంది కదా. పారిస్‌లో అధివాస్తవికులు 1925 ప్రాంతంలో ఆడిన మడత కాగితం ఆట పెడదాం. కాగితాన్ని అయిదు మడతలు వేసి, ఒక్కొక్కరు ఒక్కో ముక్క రాసి, కనపడకుండా మడిచి పక్కవాళ్లకిస్తారు. తెలుగులో వరస ఇది: విశేషణం, కర్త, ఇంకో విశేషణం, 'ని' చేర్చిన కర్మ, క్రియ.
ఒకచోట తప్పుతుంది. ఒకరు 'ఏనుగులు' అని, చివరివాళ్లు 'తాగాడు' అని రాస్తే వాక్యం అతకదు, పిల్లలు అది వింత కాదు, వ్యాకరణం తప్పు అనుకుంటారు. అందుకని కర్త ఎప్పుడూ ఒకే వస్తువో జంతువో కావాలి, క్రియ '-ంది'తో ముగియాలి. అప్పుడు 'తడిసిన గడియారం పుల్లటి ఉత్తరాన్ని ఊడ్చింది' లాంటివి వస్తాయి. వ్యాకరణం నిలబడి, లోకం మాత్రం జారిపోతుంది. అక్కయ్య కాఫ్కా గురించి చెప్పింది ఇదే కదా, పిల్లలు చేత్తో చేసి చూస్తారు.

భోజన ఏర్పాట్లు:
పులిహోర (రెండున్నర కిలోల బియ్యం), చేగోడీలు, టీ. గదిలో పొయ్యి వెలిగించనివ్వరు కాబట్టి టీ ఇంటి దగ్గరే కాచి మూడేసి లీటర్ల పంపు ఫ్లాస్కులు రెండు తెస్తాం. అన్నీ 4:20 తర్వాతే తెరుస్తాం. ఫాయిల్ చప్పుడుకు మౌన పఠనం చెడుతుంది.

సభ సమన్వయం:
అలాగే చేద్దాం. 2:15కి కాఫ్కా, 3:05కి 'అంపశయ్య', 3:55 నుంచి గుంపులు రాసిన పెద్ద కాగితాలన్నీ గోడకు అంటించి అందరూ కలిసి చూడటం. టేపు నీలం పెయింటర్స్ టేపే తెండి, మామూలుది గోడ రంగు ఊడదీస్తుంది. గుంపులు నడిపేందుకు ఇంకా ఇద్దరు తక్కువ. వచ్చేవాళ్లు ఇక్కడే రాయండి, సభకు ముందు గురువారం రాత్రి 8:30కి జూమ్‌లో ఒక పేజీతో రిహార్సల్ చేద్దాం.