తంబోలా బోర్డులో ఏ బటన్ నొక్కినా 90 అనే వస్తోంది (పైథాన్, టికింటర్)

పులిహోర_ప్యాకెట్:
అందరికీ నమస్తే. సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో తంబోలా ఆడిస్తారు, పోయినసారి పిలిచిన నంబర్లు పేపర్ మీద రాసుకుంటూ ఒకటి మర్చిపోయి పెద్ద గొడవైంది, అందుకని ఈసారి టికింటర్‌లో (పైథాన్‌తో విండోలు, బటన్లు చేసే లైబ్రరీ) బోర్డు చేద్దామని కూర్చున్నా. ఫర్ లూప్‌లో ఐ అనే పేరుతో 1 నుంచి 90 దాకా బటన్లు పెట్టా, చూడ్డానికి బాగానే ఉంది. ముందు కమాండ్ (బటన్ నొక్కితే ఏం చెయ్యాలో చెప్పేది) దగ్గర పిలువు(ఐ) అని రాస్తే ఎవరూ నొక్కకుండానే 90 నంబర్లూ పిలిచేసింది 😅 సరే అని దాని ముందు లాంబ్డా (పేరు లేని చిన్న ఫంక్షన్) తగిలించా. ఇప్పుడేమో 7 నొక్కినా 90, 23 నొక్కినా 90.
ఇంకోటి, ఎన్ని పిలిచామో చూపించడానికి ఫైల్ పైన లెక్క = 0 అని పెట్టి ఫంక్షన్ లోపల లెక్క += 1 అన్నా. అది కదలట్లేదు, ఎర్రర్ కూడా ఏం రావట్లేదు. ఫోన్‌లోంచి టైప్ చేస్తున్నా, కోడ్ కూడా తెలుగులోనే రాసేశా, ఏమనుకోకండి.

రాత్రి_బండి:
ఎర్రర్ వస్తూనే ఉంటుంది, మీకు కనబడట్లేదంతే. బటన్ ఫంక్షన్‌లో తప్పు జరిగితే టికింటర్ విండో మూసెయ్యదు, ట్రేస్‌బ్యాక్ (తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే రిపోర్ట్) టెర్మినల్‌లో పడేసి తన పని తాను చూసుకుంటుంది. టెర్మినల్ నుంచి రన్ చేసి చూడండి, అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్ అని ఉంటుంది.
90 సంగతికొస్తే, లాంబ్డా ఆ టైమ్‌కి ఐ ఎంతుందో దాచుకోదు, ఐ అనే పేరు మాత్రమే గుర్తుంచుకుంటుంది. 90 చీటీల్లో నంబర్లు రాయకుండా అన్నిట్లోనూ "గోడ మీద చూసుకో" అని రాసినట్టు. మీరు నొక్కేసరికి లూప్ ఎప్పుడో అయిపోయింది, గోడ మీద 90 ఉంది. లాంబ్డా ఐ=ఐ: పిలువు(ఐ) అని మార్చండి, డిఫాల్ట్ విలువ లాంబ్డా తయారయ్యేటప్పుడే లెక్కకడతారు కాబట్టి ఏ చీటీ నంబర్ ఆ చీటీలోనే పడిపోతుంది.

మజ్జిగ_మిరపకాయ:
లెక్క గురించి నేను చెప్తా, నేనూ దీని మీద ఒక ఆదివారం తగలేశాను. ఫంక్షన్‌లో ఎక్కడైనా ఒక పేరుకి అసైన్ చేశావంటే పైథాన్ ఆ ఫంక్షన్ మొత్తానికీ దాన్ని లోకల్ (ఆ ఫంక్షన్ లోపలి సొంత పేరు) అనేసుకుంటుంది. += కూడా అసైన్‌మెంటే. అంటే పైనున్న సున్నా వైపు చూడనే చూడదు, లోపలి లెక్కకి ఒకటి కలపబోతుంది, దానికింకా విలువే లేదు, అక్కడ ఆ అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్‌తో పడిపోతుంది. ఊరికే ప్రింట్ చేస్తే మాత్రం పైది చక్కగా చూపిస్తుంది, అందుకే మనం మోసపోతాం. ఫంక్షన్ మొదట్లో గ్లోబల్ లెక్క అని పెట్టు, ఫైల్ పైనున్న లెక్కే వాడమని చెప్పినట్టు.

రాత్రి_బండి:
గ్లోబల్ అలవాటు చెయ్యకండి బాబూ, క్లాస్ (డేటా, ఫంక్షన్లు ఒకచోట పెట్టే అచ్చు) రాసి సెల్ఫ్.లెక్క అనండి.

మజ్జిగ_మిరపకాయ:
అన్నా, పండక్కి ఒక్కపూట ఆడే ఆటకి క్లాస్ ఎందుకు. మొత్తం కోడ్ ఒక మెయిన్ ఫంక్షన్‌లో ఉంటే గ్లోబల్ పనిచెయ్యదు, అప్పుడు నాన్‌లోకల్ (బయటి ఫంక్షన్‌లోని పేరు వాడమనేది) వాడాలి, అది గుర్తుంటే చాలు. ఇంకా తేలికగా కావాలంటే ఇంట్‌వార్ (అంకె దాచుకునే టికింటర్ వేరియబుల్) తీసుకుని లేబుల్‌కి టెక్స్ట్‌వేరియబుల్‌గా కట్టెయ్, సెట్ చేయగానే తెర మీద అంకె దానంతటదే మారుతుంది. మామూలు లెక్క పెరిగినా లేబుల్‌కి తెలీదు, ప్రతిసారీ కాన్ఫిగ్‌తో మనమే మార్చుకోవాలి.

పులిహోర_ప్యాకెట్:
రెండూ పనిచేశాయి, థాంక్స్ అండీ! కానీ ఒక డౌట్, పిలిచినవి అని ఒక లిస్ట్ కూడా పైనే పెట్టా, దానికి అపెండ్ (చివర్లో చేర్చడం) చేస్తే గ్లోబల్ లేకుండానే పనిచేస్తోందే?

మజ్జిగ_మిరపకాయ:
అపెండ్ అసైన్‌మెంట్ కాదుగా. పేరు అదే లిస్ట్‌కి ఉంది, నువ్వు లిస్ట్‌లోపల సరుకు పెంచావంతే. కొత్త ఆట మొదలుపెట్టడానికి పిలిచినవి = [] అని ఫంక్షన్‌లో రాశావనుకో, మళ్లీ ఇదే గొడవ. పిలిచినవి.క్లియర్() వాడు.

పులిహోర_ప్యాకెట్:
ఓకే ఓకే. ఇప్పుడు నొక్కిన బటన్‌ని డిజేబుల్ చేద్దామని అన్నిటినీ బటన్లు అనే లిస్ట్‌లో పెట్టి బటన్లు[ఐ] అంటే 1 నొక్కితే 2 బూడిదరంగులోకి పోతోంది 🙏

రాత్రి_బండి:
90 నొక్కండి, ఇండెక్స్‌ఎర్రర్ (లిస్ట్‌లో లేని స్థానం అడిగితే వచ్చేది) కూడా చూస్తారు. లిస్ట్‌లో స్థానాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఐ-1 అనండి, లేదా డిక్షనరీలో (ఏ నంబర్‌కి ఆ బటన్ జతచేసేది) పెట్టుకోండి.

పులిహోర_ప్యాకెట్:
డిక్షనరీ పెట్టేశా, అయిపోయింది. పోయినసారి గొడవపడ్డ అంకుల్‌నే కూర్చోబెట్టి బటన్లు నొక్కిస్తా.