అనంతపురం: ప్లస్ వన్‌లో పెయింటింగ్ తీసుకుంటే మ్యాథ్స్ వదులుకోవాలా?

చీనీతోట
మా పాప సీబీఎస్ఈలో పది పాసైంది. ప్లస్ వన్‌లో పెయింటింగ్ కావాలంటోంది. ఇంట్లో పెద్దవాళ్లేమో ఇంటర్ ఎంపీసీలో చేర్పించి, బొమ్మలు సాయంత్రంపూట గీసుకోమంటున్నారు. పెయింటింగ్ తీసుకుంటే తర్వాత దారులు మూసుకుపోతాయా? పరీక్ష ఎలా ఉంటుంది, దేనికి మార్కులు పోతాయి? దగ్గర్లో డిగ్రీ ఎక్కడుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పెన్నా_గట్టు
దారులు మూసుకుపోవు సార్. మన ఇంటర్ బోర్డు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ గ్రూపుల్లో పెయింటింగ్ లేదు. సీబీఎస్ఈలో మాత్రం ఉంది, సబ్జెక్టు కోడ్ 049. ఇంగ్లిష్, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు ఐదోదిగా పెట్టుకోవచ్చు, ఆరోదిగానూ రాయవచ్చు. గ్రాఫిక్స్, శిల్పం, కమర్షియల్ ఆర్ట్ కూడా ఇదే వరసలో ఉన్నాయి గానీ వాటన్నిట్లో ఒక్కటే తీసుకోవాలి. చేర్పించేముందు స్కూల్లో ఒక్క మాట అడగండి: పెయింటింగ్‌కు సొంత టీచర్ ఉన్నారా, వారానికి ఎన్ని పీరియడ్లు, అవి వరసగా రెండేసి ఇస్తారా? నలభై నిమిషాల పీరియడ్‌లో రంగులు తీసి సర్దేసరికే గంట కొడతారు. స్కూల్లో సబ్జెక్టు లేకపోతే ఓపెన్ స్కూలింగ్ (ఎన్ఐఓఎస్)లో సీనియర్ సెకండరీ పెయింటింగ్ ఉంది, కోడ్ 332.

బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) నాలుగేళ్లు, ఏ గ్రూపు చదివినా చేరవచ్చు. బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) మీద ఏ కొంచెం ఆశ ఉన్నా మ్యాథ్స్, ఫిజిక్స్ వదలొద్దు. అందుకే నా ఓటు మ్యాథ్స్‌తో పాటు పెయింటింగ్‌కే. డిజైన్ వైపు పోవాలంటే యూసీడ్ (డిజైన్ డిగ్రీ ప్రవేశపరీక్ష) అన్ని గ్రూపులవాళ్లూ రాయవచ్చు, ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ ఉంది. దగ్గర్లో అంటే కడపలో 2020లో ఏర్పాటైన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. అది కాక విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ).

డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం మీద చూపుంటే ప్రభుత్వ టెక్నికల్ డ్రాయింగ్ పరీక్షలు వేరే ఉన్నాయి. లోయర్ గ్రేడ్‌కు ఏడో తరగతి పాసైతే చాలు, అది అయ్యాక హయ్యర్. వీటిని బీఎఫ్ఏతో కలిపి చూడకండి, రెండూ వేర్వేరు లెక్కలు.

రాగిచెంబు
పరీక్ష సంగతి నేను చెప్తాను. థియరీకి 30, ప్రాక్టికల్‌కు 70. ప్రాక్టికల్‌లో వస్తువులు చూసి గీసేదానికి 25, కాంపోజిషన్‌కు (ఇచ్చిన అంశం మీద సొంతంగా కూర్చే బొమ్మకు) 25, ఏడాదంతా చేసిన పోర్ట్‌ఫోలియోకు 20. ప్రాక్టికల్ మూడేసి గంటల చొప్పున రెండు భాగాలు.

పాప ఇప్పటిదాకా ఫోన్‌లో బొమ్మ చూసి దించుతుంటే ఈరోజు నుంచే మాన్పించండి. ఫోన్‌లో ఉన్నది అప్పటికే చదునుగా మారిన బొమ్మ, కొలత తీసే పని అందులో ఉండదు. పరీక్షలో ఎదురుగా ఉండేది వస్తువు. ఇంట్లో చెంబు, ఎర్రగడ్డ, రెండు చీనీకాయలు, ఒక అట్టపెట్టె చాలు.

ఎక్కువమంది చెంబు దగ్గరే దొరికిపోతారు. మూతి గుండ్రమే అయినా కాస్త పైనుంచి చూస్తే అండాకారంగా కనిపిస్తుంది. కంటి మట్టం నుంచి కిందికి దిగేకొద్దీ ఆ అండాకారం ఇంకా తెరుచుకుంటుంది. అంటే అడుగు వంపు మూతి వంపుకన్నా నిండుగా రావాలి. పిల్లలు మూతిని బాగా తెరిచి గీసి, అడుగు మాత్రం గీతలా తిన్నగా లాగేస్తారు, అది బల్లమీద చదునుగా కూర్చుందని తెలుసు కాబట్టి. అప్పుడు చెంబు ముందుకు ఒరిగిపోతున్నట్టు ఉంటుంది. ముందు నిలువుగా నడిగీత వేసి, మూతినీ అడుగునూ వెనక కనబడని సగంతో సహా పూర్తిగా గీసి, తర్వాత చెరపాలి. అండాకారం రెండు కొసలూ కోసుగా రాకూడదు, అక్కడా చిన్న వంపు తిరగాల్సిందే.

కొలతకు పెన్సిల్ పట్టుకుని చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి చూడాలి. మోచెయ్యి కొంచెం వంగినా ప్రతిసారీ లెక్క మారిపోతుంది. ఎత్తులో వెడల్పు ఎన్నో వంతు అన్నదే ముఖ్యం, అంగుళాలతో పనిలేదు. కూర్చున్న చోటు నుంచి జరగొద్దు, కాగితం మీదికి వంగి గీసి మళ్లీ నిటారుగా కూర్చుని చూస్తే కంటి మట్టమే మారిపోతుంది.

వెలుతురు ఒక్క పక్కనుంచే రావాలి. రెండు ట్యూబ్‌లైట్ల కింద పెడితే ఒక్కో వస్తువుకు రెండు నీడలు పడి, ఏ పక్క ముదురు వేయాలో తేలదు. పగలైతే కిటికీ పక్కన, రాత్రయితే మిగతా లైట్లు ఆపి ఎడమ పక్క పైనుంచి ఒక్క బల్బు. షేడింగ్‌లో తప్పు ఎక్కడంటే, అంచు గీతనే నల్లగా దిద్దుతారు. గుండ్రటి వస్తువు మీద అన్నిటికన్నా ముదురు భాగం అంచుకు కొంచెం లోపల ఉంటుంది, అంచు దగ్గర బల్లమీంచి తిరిగొచ్చిన పల్చటి వెలుగు ఉంటుంది. ఆ సన్నటి చార వదిలితేనే చెంబు ఉబ్బి కనిపిస్తుంది.

హెచ్‌బీ పెన్సిల్‌తో ఔట్‌లైన్, 2బీ, 4బీతో ఛాయలు, 6బీ చివర్లో రెండు మూడు చోట్ల. వేలితో రుద్దొద్దు: చర్మం మీది జిడ్డు పట్టిన చోట రబ్బరు పనిచేయదు. మన ఎండాకాలంలో చెయ్యి చెమటపట్టి మొత్తం అలుక్కుపోతుంది కూడా, చెయ్యి కింద ఒక రఫ్ కాగితం పెట్టుకోమనండి.

చీనీతోట
చాలా థ్యాంక్స్. ఇంకో సందేహం. వాటర్ కలర్ వేస్తుంటే చారలు చారలుగా ఎండిపోతోంది. మంచి రంగులు కొనాలా?

తడికాగితం
రంగుల తప్పు కాదండి. కాగితం, ఎండ. పల్చటి డ్రాయింగ్ షీట్ నీళ్లు పడగానే ముడతలు పడుతుంది, ఆ గుంతల్లో రంగు చేరి గట్టి అంచులు కడుతుంది. రోజువారీ సాధనకు 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో), పోర్ట్‌ఫోలియోలో పెట్టే పనికి 300 జీఎస్ఎం కోల్డ్‌ప్రెస్ (కాస్త గరుకుగా ఉండే కాగితం) తీసుకోండి. ఇంపీరియల్ షీట్ 22×30 అంగుళాలు, మధ్యకు కోస్తే పరీక్షకు అలవాటు పడాల్సిన సైజు వస్తుంది. నాలుగు పక్కలా టేప్‌తో బోర్డుకు అతికించి, పూర్తిగా ఆరాకే తీయాలి.

అనంతపురం ఏప్రిల్‌లో ఫ్యాన్ కింద కూర్చుంటే వాష్ (నీళ్లలో పల్చగా కలిపి పరిచే రంగు పూత) సగం దాకా లాగేలోపే పై అంచు ఆరిపోతుంది. ముందే కావలసినంత రంగు ఒకేసారి కలిపి పెట్టుకోవాలి, మధ్యలో కలపడం మొదలుపెడితే అక్కడే చార. కాగితాన్ని శుభ్రమైన నీళ్లతో తడిపి, తళతళ పోయి తేమ మాత్రం మిగిలినప్పుడు రంగు వేయాలి. కప్పు నీళ్లలో రెండు చుక్కల గ్లిజరిన్ కలిపితే ఆరడం నిదానిస్తుంది, ఎక్కువైతే మాత్రం జిగటగా ఉండిపోయి దుమ్ము పడుతుంది. ఆరుతున్న వాష్ మీద మళ్లీ తడి బ్రష్ పెట్టొద్దు, నీళ్లు రంగును తోసేసి గోబీపువ్వులాంటి మరక వదులుతాయి.

కాంపోజిషన్‌కు పోస్టర్ కలర్ నయం, తప్పు దిద్దుకోవచ్చు. కానీ మరీ మందంగా వేస్తే ఆరాక పెచ్చులు లేస్తుంది. పై కోటు వేసేటప్పుడు ఒకేచోట బ్రష్ పదేపదే తిప్పితే కింది రంగు కరిగి పైకొచ్చి మురికి అవుతుంది. చాలా రంగులు ఆరాక కొంచెం పాలిపోతాయి కాబట్టి రఫ్ ముక్క మీద వేసి ఆరనిచ్చి చూసుకోవాలి. మూడు గంటల్లో మొదటి పావుగంట చిన్న చిన్న రఫ్ స్కెచ్‌లు మూడు వేసి, ఒకటి ఎంచుకోవాలి. నేరుగా షీట్ మీద మొదలుపెట్టినవాళ్లకు చివరికి మనుషుల కాళ్లకు చోటుండదు.

గులాబీకావి
థియరీని చివరి నెలకు వదిలేయకండి. పదకొండులో గుహాచిత్రాలు, సింధు నాగరికత, బౌద్ధ, జైన, హిందూ కళ, దేవాలయ శిల్పం, కంచు విగ్రహాలు. పన్నెండులో రాజస్థానీ, పహాడీ, మొఘల్, దక్కన్ సూక్ష్మచిత్రాలు, బెంగాల్ స్కూల్, ఆధునిక కళ. ఏయే చిత్రాలన్నది ఏటా సవరిస్తారు, ఆ ఏడాది సిలబస్ దించుకుని చూడండి. ఒక్కో చిత్రానికి చిత్రకారుడు, ఉపశైలి, మాధ్యమం, ఎక్కడుంది, కూర్పు ఎలా ఉంది అని ఒక పేజీ రాసుకోవాలి. పోలో ఆడే చిత్రాలు రెండొచ్చి పిల్లలు తికమకపడతారు: దానా గీసిన చౌగాన్ ఆట జోధ్‌పూర్, అంటే రాజస్థానీ. చాంద్ బీబీ పోలో ఆడేది గోల్కొండ, అంటే దక్కన్. ‘మొఘల్’ అని రాస్తే మార్కు పోయినట్టే.

మన పక్కనే ఉన్నదాన్ని వాడుకోండి. ఎన్సీఈఆర్టీ పదకొండో తరగతి పుస్తకంలో విజయనగర కుడ్యచిత్రాల దగ్గర లేపాక్షి ప్రస్తావన ఉంది. హిందూపురం నుంచి దాదాపు 15 కిలోమీటర్లే. మండపం పైకప్పు కింద నిలబడి ముఖాలు పక్కనుంచి ఎలా గీశారో, కన్ను మాత్రం ఎదురుగా చూసినట్టు ఎంత పెద్దదో స్కెచ్‌బుక్‌లో ఎక్కించుకుంటే ఆ జవాబు బట్టీ పట్టనక్కర్లేదు. చీరల అంచుల డిజైన్లు కూడా అక్కడే గీసుకోవచ్చు.

పోర్ట్‌ఫోలియోలో జానపద కళకు చాలామంది వార్లీ, మధుబని ఫోన్‌లో చూసి దించుతారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు ఉండగా అదెందుకో నాకర్థం కాదు. మేకతోలును వెలుతురు దూరేంత పల్చగా చేసి, నగలు, అంచులు చిన్న చిన్న రంధ్రాలుగా తొలిచి, రంగులు వేస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కాగితం మీద చేసేటప్పుడు ఆ రంధ్రాల చోట తెల్ల చుక్కలు వదిలి, నల్లగీత చివర్లో వేయమనండి. ముందు వేస్తే రంగు కలిసి గీత చెదురుతుంది.

రాగిచెంబు
పోర్ట్‌ఫోలియో మీద ఒక మాట కలుపుతాను. పూర్తయిన బొమ్మలతో పాటు వాటి రఫ్ స్కెచ్‌లు, రంగు ప్రయత్నాలు కూడా తేదీ వేసి దాచాలి. మొదలు నుంచి ముగింపు దాకా చేసిన పనికే మార్కులు, ఫిబ్రవరిలో ఒకేసారి చేసిన పది బొమ్మలు చూడగానే తెలిసిపోతాయి. పెన్సిల్ పనుల మధ్య బటర్ పేపర్ పెట్టి అట్ట ఫైల్‌లో పడుకోబెట్టండి, చుట్ట చుడితే పోస్టర్ కలర్ పగులుతుంది.